మౌస్ పెద్దవారి చేతిలోనే ఉండాలి

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఇంట్లోని పెద్దవారికి కంప్యూటర్ నేర్పించడం గురించి సందేహాలుంటే రాయమని గత సంచికలో కోరాము. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలే ఎక్కువగా ఉన్నందువల్ల ఈసారి ఈ శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారు హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి పద్నాలుగేళ్ళయింది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆయనకు ఒక కంప్యూటర్ కొని ఇచ్చాను. మూడు ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకుని ఈమెయిల్, యూట్యూబ్, బ్యాంకు పనులు అన్నీ చూపించాను. చూపించినంతసేపూ "సరేనమ్మా" అన్నారు. ఇప్పుడు దానిమీద తువ్వాలు కప్పి ఉంచారు. అడిగితే "నాకెందుకమ్మా, పిల్లలొచ్చినప్పుడు వాడుకుంటారులే" అంటున్నారు. నేను ఎక్కడ పొరపాటు చేశాను? – ఒక కుమార్తె, ఆమదాలవలస

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో "చూపించాను" అన్న మాట ఉంది గాని "చేయించాను" అన్న మాట ఎక్కడా లేదు. మౌస్ మీ చేతిలో ఉండి, కళ్ళు మాత్రం ఆయనవి అయినప్పుడు, మీరు రెండు క్షణాల్లో దాటిపోయిన నాలుగు మెట్లు ఆయనకు ఒక్కటిగానే కనిపించి ఉంటాయి. ఎక్కడ తప్పిపోయారో చెప్పాలంటే ఆ చోటికి పేరు తెలియాలి. పేరు తెలియదు కనుక "సరేనమ్మా" అన్నారు. జీవితమంతా ఇతరులకు పాఠం చెప్పిన మనిషికి, కూతురి ముందు "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అని మూడోసారి అనడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు. మా నాన్నగారికి నేర్పేటప్పుడు నేను కూడా మొదటి నెలంతా ఇలాగే చేశాను. ఆయన చెయ్యి వణికి బాణం గుర్తు పక్కకు పోయినప్పుడల్లా "ఇలా ఇవ్వండి" అంటూ మౌస్ లాక్కునేవాడిని. ఆ నెలలో ఆయనకు వచ్చింది ఏమీ లేదు.

కాబట్టి ఈసారి మీరు ఆయనకు ఎడమ పక్కన కొంచెం వెనకగా కూర్చోండి, మీ చేతులు మీ ఒడిలోనే పెట్టుకోండి. ఆయన ఎంత ఆలస్యం చేసినా, ఎక్కడ తప్పు నొక్కినా, మాటతో చెప్పండి తప్ప మౌస్ ముట్టుకోకండి. ఒక రోజుకు ఒకే పని పెట్టుకోండి, అరగంట దాటనివ్వకండి, మర్నాడు కొత్తదానికి పోకుండా నిన్నటి పనినే మొదటినుంచీ ఆయన చేత చేయించండి. ఒకే పనికి మూడు దారులున్నా ఒక్క దారే చెప్పండి. "ఇలా కూడా చేయవచ్చు" అన్న మాట మనకు సౌకర్యంగా అనిపిస్తుంది గాని కొత్తగా నేర్చుకునేవారికి ఉన్న దారి కూడా చెరిగిపోతుంది.

మౌస్ విషయం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెద్దవారిలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. బల్ల మీద చెయ్యి ముందుకు పోతే తెర మీద బాణం పైకి పోతుందన్నది మనకు సహజం. వారికి అది కొత్త సంగతి. చెయ్యి బల్ల అంచుకు వచ్చేస్తే మౌస్‌ను గాలిలోకి ఎత్తి మళ్ళీ మధ్యలో పెట్టుకోవచ్చని, ఎత్తినప్పుడు తెర మీది బాణం కదలదని ఎవరూ చెప్పరు. నొక్కేటప్పుడు వేలితోపాటు చెయ్యి కూడా కదిలిపోతే, తెరుచుకోవలసిన బొమ్మ ఇంకో చోటికి జరిగిపోతుంది. మణికట్టును బల్ల మీద ఆనించి, కదపడం పూర్తయ్యాకే నొక్కమనండి. రెండుసార్లు వెంటవెంటనే నొక్కడం కుదరకపోతే ఒకసారి నొక్కి కీబోర్డు మీద ఎంటర్ కొట్టమనండి, ఫలితం ఒక్కటే. సెట్టింగ్స్‌లో బాణం గుర్తు వేగాన్ని సగానికి తగ్గించండి, యాక్సెసిబిలిటీ విభాగంలో దాని పరిమాణాన్ని, అక్షరాల పరిమాణాన్ని పెంచండి. ఇవన్నీ ఆయన కూర్చోకముందే చేసి ఉంచవలసిన పనులు.

చేతికి అలవాటు కావడానికి పేకముక్కల ఆట సాలిటేర్ కంటే మంచి సాధనం నాకు తెలియదు. 1990లో విండోస్ 3.0తో పాటు వచ్చిన ఈ ఆట, ఒక వస్తువును పట్టి లాగి ఇంకోచోట వదలడమనే కొత్త పనిని ఎందరో గుమాస్తాలకు, అధికారులకు కష్టం తెలియకుండా నేర్పింది. పేకముక్క ముట్టని ఇల్లయితే బొమ్మలు గీసే పెయింట్ ప్రోగ్రాము తెరిచి గీతలు, సున్నాలు గీయమనండి. వారం రోజులు ఇదే పాఠమైనా నష్టం లేదు.

ఇక అసలు సంగతి. ఈమెయిల్, బ్యాంకు అన్నవి మీరు ఎంచిన పనులు. ఆయనకు ఏం కావాలో అడిగారా? పుస్తకాలంటే ఇష్టమున్న మాస్టారైతే శ్రీకాకుళంలోని తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం గురించి ఆయనకు ముందే తెలిసి ఉంటుంది. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు డెబ్బై దాటిన వయసులో, 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. పాత పత్రికల్లో అచ్చయిన తెలుగు కథలను వెతికి చదువుకోవడానికి కథానిలయం వెబ్‌సైటు ఉంది. మీ నాన్నగారు కాలేజీ రోజుల్లో చదివి మరచిపోయిన కథ ఒకటి, అప్పటి అచ్చు పేజీలోనే, ఆయన చేత్తో ఆయనే వెతికి తెరిచిన రోజున తువ్వాలు దానంతటదే తొలగుతుందని నా నమ్మకం. పొలం వ్యవహారాలు చూసే పెద్దవారికి మీభూమి వెబ్‌సైటులో తమ భూమి రికార్డులైన 1-బి, అడంగల్ చూసుకోవడం ఇలాంటిదే. పాటల మీద ప్రీతి ఉన్నవారికి ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ వెతుక్కోవడం ఇలాంటిదే. పాఠం వారి కోరిక నుంచి మొదలుకావాలి, బ్యాంకు చివరన రావాలి.

ఒక నోటుపుస్తకం తప్పక ఇవ్వండి, అయితే అందులో మీరు రాయకండి. ప్రతి మెట్టునూ ఆయన దస్తూరీతో, ఆయన మాటల్లో రాసుకోనివ్వండి. "కింద ఎడమవైపు నీలం గుర్తు" అని ఆయన రాసుకుంటే దాన్ని "ఐకాన్" అని దిద్దవలసిన అవసరం లేదు.

ప్రశ్న: నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేశాను. నా వయసు 74. టైపురైటింగ్‌లో లోయరు, హయ్యరు ప్యాసయ్యాను. మా అబ్బాయి ల్యాప్‌టాప్ ఇచ్చాడు. నా ఉద్యోగ జ్ఞాపకాలను తెలుగులో రాసుకోవాలని ఉంది. ఇంగ్లీషు కొడితే అక్షరాలు వరసగా పడిపోతున్నాయి, పాస్‌వర్డ్ తప్పంటోంది, తెలుగు అసలు రావడం లేదు. – ఒక విశ్రాంత ఉద్యోగి, విజయనగరం

సమాధానం: అయ్యా, మీకు రావలసిన విద్యలో సగం యాభై ఏళ్ళ క్రితమే వచ్చేసింది. కీబోర్డు మీది అక్షరాల వరస మీ టైపు ఇన్‌స్టిట్యూటులోని రెమింగ్టన్ మిషను మీద ఉన్నదే. చూడకుండా పది వేళ్ళతో కొట్టగలిగిన మీరు ఆ విషయంలో మీ అబ్బాయికంటే ముందున్నారు. ఇబ్బందులన్నీ పాత మిషను అలవాట్ల నుంచి వచ్చినవే కనుక వాటిని ఒక్కొక్కటిగా చెబుతాను.

పాత మిషను మీట గట్టిగా కొడితేనే అచ్చు పడేది. ఇక్కడ మీట మీద వేలు ఒక్క క్షణం ఆగినా అదే అక్షరం మళ్ళీ మళ్ళీ పడుతుంది. వేడి పెనాన్ని ముట్టి తీసినట్లు తేలికగా తాకి తీయండి. అయినా కుదరకపోతే, అక్షరం తిరిగి పడటానికి పట్టే వ్యవధిని కీబోర్డు సెట్టింగ్స్‌లో పెంచమని మీ అబ్బాయికి చెప్పండి.

పాస్‌వర్డ్ విషయంలో నాకు ఒక అనుమానం ఉంది. చాలా పాత మిషన్లకు ఒకటి అంకె మీట ఉండేది కాదు. చిన్న "ఎల్" అక్షరాన్నే ఒకటిగా కొట్టేవారు, సున్నాకు బదులు పెద్ద "ఓ" కొట్టేవారు కూడా ఉన్నారు. కాగితం మీద అది చెల్లింది, ఎందుకంటే చదివేది మనిషి. కంప్యూటర్‌కు ఎల్ వేరు, ఒకటి వేరు. పై వరసలో అంకెల మీటలు విడిగా ఉన్నాయి, పాస్‌వర్డులోనూ ఖాతా సంఖ్యలోనూ వాటినే వాడండి. క్యాప్స్ లాక్ వెలిగి ఉన్నా పాస్‌వర్డ్ తప్పవుతుంది కనుక ఆ దీపం కూడా చూసుకోండి.

వాక్యం పంక్తి చివరికి రాగానే గంట కోసం ఎదురుచూసి, క్యారేజీని తోసే అలవాటు మీకు ఉంటుంది. ఇక్కడ పంక్తి చివర ఎంటర్ కొట్టకండి; మాట దానంతటదే కింది పంక్తిలోకి దిగుతుంది. పేరా మారినప్పుడు మాత్రమే ఎంటర్ కొట్టాలి. తప్పు పడితే కాగితం తీసి కొత్తది ఎక్కించవలసిన పని లేదు, కంట్రోల్ మీటను పట్టుకుని జెడ్ కొడితే చేసిన చివరి పని రద్దవుతుంది. ఈ ఒక్క మీటల జంట తెలిసిన తరువాత భయం చాలావరకు పోతుందని నేను ఎన్నోసార్లు చూశాను.

తెలుగు కోసం విండోస్ సెట్టింగ్స్‌లో "టైమ్ అండ్ లాంగ్వేజ్" విభాగానికి వెళ్ళి తెలుగు భాషను చేర్చాలి. అక్కడ రెండు రకాల కీబోర్డులు దొరుకుతాయి. ఫొనెటిక్ అనేది ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ కొడితే తెలుగుగా మార్చేది. ఎ, ఎం, ఎం, ఎ అని కొడితే "అమ్మ" వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అనేది భారతీయ భాషలన్నింటికీ ఒకే అమరికతో ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించినది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వచ్చేలా ఉంటుంది. అందులో "అమ్మ" అంటే షిఫ్టుతో డి, తరువాత సి, డి, సి. మధ్యలోని డి మీట పొల్లును ఇచ్చి రెండు మకారాలను కలుపుతుంది. నేను సాధారణంగా కొత్తవారికి ఫొనెటిక్ చెబుతాను, కాని మీవంటి టైపిస్టుకు ఇన్‌స్క్రిప్టే చెబుతాను. మీ వేళ్ళకు స్థానాలు గుర్తుపెట్టుకునే శిక్షణ ఉంది, నెల రోజులు రోజుకొక పుట కొడితే తెలుగు ఆలోచన తెలుగుగానే వేలికి దిగుతుంది. ఒక భాష నుంచి మరో భాషకు మారడానికి విండోస్ మీటను పట్టుకుని స్పేస్ బార్ కొట్టాలి.

ఊళ్ళో డీటీపీ చేసేవారు తమ దగ్గరున్న అను ఫాంట్లు వేసి ఇస్తామనవచ్చు. అవి అచ్చు పనికి అలవాటైనవి గాని, ఏ యంత్రంలోనైనా చదవగలిగే అక్షర ప్రమాణమైన యూనికోడ్ కావు. వాటితో రాసినది మీ మనవరాలి ఫోనులో తెరిస్తే గుర్తుపట్టలేని గుర్తులుగా కనిపిస్తుంది. మీ జ్ఞాపకాలు మీ తరువాతివారు చదవాలన్నదే మీ కోరిక కనుక యూనికోడ్‌లోనే రాయండి. ప్రతి పేరాకూ ఒకసారి కంట్రోల్, ఎస్ కొట్టి భద్రపరచండి, ఆదివారం ఆదివారం ఒక ప్రతిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.

ప్రశ్న: మాది ఉద్దానం ప్రాంతం. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ వయసు 66, ఒక్కతే ఉంటుంది, ఇటీవలే శుక్లం ఆపరేషన్ అయింది. ఫోను చిన్నదై కనిపించడం లేదంటోంది. తెలిసినవారు పాత కంప్యూటర్ తక్కువకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? – ఒక కుమారుడు, సోంపేట

సమాధానం: పాతది తీసుకోవడంలో తప్పు లేదు గాని ముందు ఒక సంగతి తెలుసుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును ఆపివేసింది. భద్రతకు సంబంధించిన మరమ్మతులు దానికి మామూలుగా రావు. విండోస్ 11 నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, చాలా పాత యంత్రాల్లో అది ఉండదు. కాబట్టి "విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుందా" అన్నది మొదటి ప్రశ్న. ఎనిమిది జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే జ్ఞాపకశక్తి), ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే నిల్వ పరికరం) ఉన్నవైతే చాలు, అంతకు మించిన ఖర్చు అమ్మగారి అవసరానికి అక్కరలేదు.

ఆమెకు నేను ల్యాప్‌టాప్ కాక డెస్క్‌టాప్ చెబుతాను. పెద్ద తెర, విడి కీబోర్డు, చేతినిండా పట్టే మౌస్ ఉంటాయి. అయితే ఉద్దానంలో కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు; 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో మీ ఇంట్లోనే గుర్తుండి ఉంటుంది. అంతటి విపత్తు కాకపోయినా, రోజువారీ కోతలకు డెస్క్‌టాప్ ఠక్కున ఆరిపోతుంది. రాసుకున్నది పోవడం ఒక ఎత్తయితే, "నేనే ఏదో చేశాను" అని పెద్దవారు భయపడటం ఇంకో ఎత్తు. కరెంటు పోయినా కాసేపు నడిపే చిన్న యూపీఎస్ తప్పనిసరిగా కొనండి, అది కీచుమన్నప్పుడు తొందర లేకుండా ఎలా ఆపాలో మొదటి వారంలోనే నేర్పండి. యూపీఎస్ కుదరనట్లయితే మాత్రమే ల్యాప్‌టాప్ తీసుకుని దానికి విడిగా మౌస్, పెద్ద తెర తగిలించండి. డెస్క్‌టాప్‌కు కెమెరా విడిగా కొనవలసి ఉంటుందని మరచిపోకండి, ఎందుకంటే ఆమె మొదట కోరుకునేది మీ ముఖం చూడటమే.

కంటి విషయం చాలామంది గమనించరు. రెండు పవర్ల కళ్ళద్దాలలో దగ్గరి చూపు కింది సగంలో ఉంటుంది. తెర ఎత్తుగా ఉంటే ఆ సగంలోంచి చూడటానికి తల వెనక్కి ఎత్తాలి, పదిహేను నిమిషాల్లో మెడ నొప్పి పుడుతుంది, దాంతో "నాకు ఇది పడదు" అని లేచిపోతారు. తెర పై అంచు కంటి మట్టానికి బాగా కిందికి ఉండేలా దించండి. శుక్లం ఆపరేషన్ తరువాత డాక్టరుగారు కొత్త అద్దాలు రాసేటప్పుడు, చేయి చాచినంత దూరంలో తెర ఉంటుందని చెప్పి దానికి తగిన పవర్ అడగండి. కిటికీ వెలుగు తెర మీద పడకుండా బల్లను పక్కకు తిప్పండి. ఏ వెబ్‌పేజీనైనా కంట్రోల్ పట్టుకుని ప్లస్ కొడితే అక్షరాలు పెరుగుతాయన్నది ఆమె నేర్చుకోవలసిన తొలి మీటల జంట.

దూరం నుంచి సాయం చేయడానికి విండోస్‌లో క్విక్ అసిస్ట్ అనే ఏర్పాటు ఉంది. మీరు చెప్పిన కోడ్‌ను ఆమె అక్కడ కొట్టి అనుమతిస్తే ఆమె తెర మీకు కనిపిస్తుంది. అందులో కూడా బాణాన్ని మీరు నడపకండి, చూస్తూ ఫోనులో చెప్పండి. ఈ తలుపు నీకు తప్ప ఇంకెవరికీ తీయనని ఆమె చేత మాట తీసుకోండి. ఎందుకో కింది ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: భక్తి పాటలు వింటుండగా తెరంతా ఎర్రగా మారి, సైరన్ మోగి, మీ కంప్యూటర్ చెడిపోయింది, ఈ నెంబరుకు ఫోను చేయండి అని వచ్చింది. భయపడి స్విచ్చి కట్టేశాను. రెండు నెలలుగా మళ్ళీ పెట్టలేదు. మావాళ్ళు "ఏం నొక్కావు" అని కోప్పడుతున్నారు. – ఒక గృహిణి, బొబ్బిలి

సమాధానం: అమ్మా, మీరు చేసినది నూటికి నూరుపాళ్ళు సరైన పని. కోప్పడినవారు మీకు క్షమాపణ చెప్పాలి. అది మీ కంప్యూటర్ ఇచ్చిన హెచ్చరిక కాదు, తెర నిండా పరుచుకున్న ఒక వెబ్‌పేజీ మాత్రమే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలు హెచ్చరికలలో ఫోను నెంబరు ఎప్పుడూ ఉండదు. ఆ నెంబరుకు ఫోను చేసినవారి చేత దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము వేయించి, యంత్రాన్ని తమ చేతిలోకి తీసుకుని, బ్యాంకు ఖాతా ఖాళీ చేయడమే వారి పని. మళ్ళీ అలా వస్తే ఎస్కేప్ మీటను కాసేపు నొక్కిపట్టండి, లేదా ఆల్ట్ పట్టుకుని ఎఫ్4 కొట్టండి. ఏదీ కుదరకపోతే పవర్ బటన్‌ను పది క్షణాలు నొక్కి ఉంచండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

మీ ఇంట్లోవారికి ఒక పని చెబుతున్నాను. అమ్మగారి రోజువారీ వాడకానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని స్టాండర్డ్ ఖాతా తెరవండి; చాలా ప్రోగ్రాములను ఎక్కించాలంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది కనుక పొరపాటుకు అడ్డు ఉంటుంది. పోలీసులమని, సీబీఐ అని వీడియోకాల్ చేసి "డిజిటల్ అరెస్టు" చేశామనేవారి గురించి కూడా చెప్పండి. మన చట్టంలో అటువంటి అరెస్టు లేదు. డబ్బు పోయినట్లయితే ఆ గంటలోనే సైబర్ మోసాల సహాయ నెంబరు 1930కు ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బును మధ్యలో ఆపే అవకాశం తగ్గిపోతుంది. ఇంట్లో కోప్పడతారన్న భయం ఉన్న పెద్దవారు ఆ గంటను దాచడంలోనే గడిపేస్తారు. కాబట్టి మీ కోపం కూడా మోసగాడికి సాయపడుతుంది.

ప్రశ్న: పింఛను కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇంటి కంప్యూటర్‌లోనే ఇవ్వవచ్చా? – ఒక పింఛనుదారు, రాజాం

సమాధానం: 2014 నవంబరులో మొదలైన, ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతిలో కంప్యూటర్ నుంచి ఇవ్వాలంటే వేలిముద్ర లేదా కనుపాప తీసే పరికరం విడిగా కొనాలి. ఏడాదికి ఒకసారి పనికి అది దండగ. ముఖాన్ని బట్టి గుర్తించే ఏర్పాటు 2021 నుంచి ఉంది కనుక ఫోనులోనే చేయండి. వేళ్ళ గీతలు అరిగిపోయిన పెద్దవారికి అదే నయం.

ప్రశ్న: మా మామ్మ పొందూరులో ఖద్దరు నూలు వడికేది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు రాదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే పక్కకు వచ్చి నిలబడుతుంది. ఆమెకు నేర్పడం సాధ్యమేనా? – ఒక డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

సమాధానం: పక్కకు వచ్చి నిలబడుతోంది అంటే అడుగుతోందన్నమాట. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, అంత సన్నని నూలు తీసిన వేళ్ళకు మౌస్ బరువైన పని కాదు. విండోస్‌లో మెనూల భాషను తెలుగులోకి మార్చండి. కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగిలిపోయినా, తెలిసిన అక్షరం కనిపిస్తే చూపు అక్కడ నిలుస్తుంది. కీబోర్డు ఇప్పుడు వద్దు. యూట్యూబ్‌లో మైకు గుర్తు నొక్కి తెలుగులో అడగడం నేర్పండి, మైకు లేని డెస్క్‌టాప్ అయితే ఒక హెడ్‌సెట్ తగిలించండి.

మొదటి రోజు కుర్చీ ఆమెకు ఇచ్చి, పొందూరు నూలు వడికే వీడియో ఒకటి ముందే తెరిచి ఉంచండి. త్రికోణం గుర్తు నొక్కితే ఆడుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. ఆ రోజుకు అది చాలు. ఆ వడికేవారి చేతిలో తప్పేముందో ఆమె మీకు చెబుతుంది, వినండి.